ఎవరి తాలూకు చంద్రుడు?

మన నవగ్రహ మంటపంలో సూర్యుడున్నాడు, చంద్రుడున్నాడు. భూమి మాత్రం లేదు. చిన్నప్పటినుంచీ చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూనే ఉన్నాం గాని, ఈ సంగతి ఎంతమందికి తట్టి ఉంటుంది చెప్పండి? గుళ్ళోంచి ఇంటికొచ్చి పిల్లల సైన్సు పుస్తకం తెరిస్తే అందులో సూర్యుడు నక్షత్రం, భూమి గ్రహం, చంద్రుడు ఉపగ్రహం. గుళ్ళో ఒక లెక్క, బళ్ళో ఒక లెక్క. రెండు లెక్కలూ ఒకే నోటితో అప్పజెప్పే పిల్లలకి ఏ ఇబ్బందీ లేదు. ఆలోచించే పెద్దవాళ్ళకే చిక్కు.

ఇందులో మన పూర్వులని వెక్కిరించవలసిందేమీ లేదు లెండి. గ్రహం అంటే పట్టుకునేది. గ్రహణం, గ్రహించడం, ఆఖరికి మనం రోజుకోసారి తిట్టుకునే గ్రహపాటు కూడా ఆ కుదురులోంచి వచ్చినవే. ఆకాశంలో నక్షత్రాలన్నీ గోడకి కొట్టిన మేకుల్లా ఎక్కడివక్కడే ఉంటే, వాటి మధ్యనుంచి రోజుకింత చొప్పున జరిగిపోయేవి కొన్ని కనిపించాయి. అలా జరిగేవన్నీ గ్రహాలే. గ్రీకుల మాటా దాదాపు ఇంతే. ఇంగ్లీషులో ప్లానెట్ అన్న మాటకి గ్రీకులో మూలార్థం తిరుగుబోతు. వాళ్ళ లెక్కకీ తిరుగుబోతులు ఏడుగురు: సూర్యుడు, చంద్రుడు, బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని. వారాల పేర్లు ఆ ఏడుగురివే. రాహుకేతువులు మనం కలుపుకున్నవాళ్ళు. వాళ్ళకి ఒళ్ళంటూ లేదు, చంద్రుడి దారీ సూర్యుడి దారీ ఒకదాన్నొకటి దాటుకునే రెండు చోట్లు, అంతే.

చంద్రుడికి సొంత వెలుగు లేదనీ, సూర్యుడి వెలుగే అతడి మీద పడి మనకి కనిపిస్తోందనీ, గ్రహణమంటే నీడేననీ ఆర్యభటుడు 499లోనే చెప్పాడు. అయినా చంద్రుడు గ్రహంగానే ఉన్నాడు. ఎందుకంటే ఆ మాటకి అర్థం వెలుగుతో ముడిపడింది కాదు, నడకతో ముడిపడింది. నడకలో చంద్రుణ్ణి మించినవాడెవరు? నెల తిరక్కుండానే ఆకాశమంతా చుట్టి వస్తాడు.

మరి అలాంటివాడికి గ్రహం పదవి ఎప్పుడు పోయింది? "సూర్యుడి చుట్టూ తిరిగేది గ్రహం, గ్రహం చుట్టూ తిరిగేది ఉపగ్రహం" అని మన పిల్లలు గుక్క తిప్పుకోకుండా చెప్పే జవాబు వెనక ఎంత గొడవ జరిగిందో తెలిస్తే, ఆర్ట్సు చదువుకుని లెక్కలంటే ఆమడ దూరం పారిపోయిన నాబోటిదానికి కూడా నవల చదివినంత సరదా వేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

కథ 1543లో మొదలవుతుంది. కోపర్నికస్ అనే పెద్దమనిషి చనిపోయిన ఏడే అతని పుస్తకం అచ్చయింది. సూర్యుణ్ణి మధ్యలో కూర్చోబెట్టి, భూమిని తీసుకెళ్ళి గ్రహాల వరసలో నిలబెట్టాడు. బాగానే ఉంది. కానీ చంద్రుణ్ణి ఏం చెయ్యాలి? అందరూ సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే ఇతనొక్కడూ భూమి చుట్టూ తిరుగుతాడు. ఇంట్లో అందరూ ఒక పంక్తిలో కూర్చుంటే ఒక్కడు మాత్రం పెరట్లో భోజనం చేసినట్టుంది. కోపర్నికస్ అంటే గిట్టనివాళ్ళు సరిగ్గా దీన్నే పట్టుకున్నారు. "భూమి అంత వేగంగా సూర్యుడి చుట్టూ పరుగెత్తుతుంటే చంద్రుడు వెనకబడిపోడా? పరుగెత్తే గుర్రం చుట్టూ ఈగ ప్రదక్షిణాలు చేస్తుందా?" అని. మంచి ప్రశ్నే. అరవై ఏళ్ళు దాటినా ఎవరి దగ్గరా మంచి జవాబు లేదు.

జవాబు 1610 జనవరి 7వ తేదీ రాత్రి ఇటలీలో పాడువా నగరంలో కనిపించింది. గెలీలియోకి అప్పుడు నలభై అయిదేళ్ళు. యూనివర్సిటీలో లెక్కలు చెప్పే ఉద్యోగం. జీతం చాలదు, చెల్లెళ్ళ కట్నాల బాకీలున్నాయి. దుర్భిణి గురించి విని, తనే అద్దాలు అరగదీసి, ఇరవై రెట్లు దగ్గరగా చూపించేది ఒకటి తయారు చేసుకున్నాడు. ఆ రాత్రి దాన్ని గురుగ్రహం మీదికి తిప్పాడు. గురుడి పక్కన మూడు చిన్న చుక్కలు, తూర్పున రెండు, పడమట ఒకటి. ఏవో నక్షత్రాలనుకున్నాడు. వింతేమిటంటే మూడూ గురుడితో కలిపి ఒక గీత గీసినట్టున్నాయి.

మర్నాడు చూస్తే మూడూ పడమటి పక్కకి వచ్చి ఉన్నాయి. గురుడు జరిగాడేమో అనుకోవాలంటే, ఆ రోజుల్లో గురుడు వక్రగతిలో ఉన్నాడు. అంటే పడమటికి జరుగుతూ ఉండాలి. చుక్కలన్నీ పడమటికి పోయాయంటే గురుడు తూర్పుకి జరిగి ఉండాలి. పంచాంగాలే తప్పా? జాతకాలు చూసేవాళ్ళకి వక్రగతి అంటే ఏమిటో తెలుసు కనుక గెలీలియో తికమక మనవాళ్ళకి బాగానే అర్థమవుతుంది. తొమ్మిదో తేదీ ఆకాశమంతా మబ్బు. ఆ రాత్రి అతను ఎలా గడిపి ఉంటాడో నేను ఊహించుకోగలను. సీరియల్లో మంచి ఘట్టం దగ్గర "ఇంకా ఉంది" అని వేసేశారనుకోండి, అలా. పదో తేదీన రెండే ఉన్నాయి, అవీ తూర్పున. మూడోది గురుడి చాటున దాక్కుంది. పదమూడో తేదీకి నాలుగయ్యాయి.

అప్పటికి అతనికి తెలిసిపోయింది. కదులుతున్నది గురుడొక్కడే కాదు, ఆ చుక్కలు. అవి గురుడి చుట్టూ తిరుగుతున్నాయి. గురుడు తన దారిన తాను పోతూనే నలుగురిని వెంట తిప్పుకుంటున్నాడు. ఒక్కడూ వెనకబడటం లేదు. గుర్రం, ఈగ ప్రశ్నకి ఇంతకన్న జవాబేం కావాలి? గురుడికి నలుగురు ఉండగా భూమికి ఒక్కడుంటే తప్పేమిటి? పెరట్లో ఒంటరిగా కూర్చున్న మన చందమామకి ఆ రాత్రి నలుగురు వేలువిడిచిన చుట్టాలు దొరికారు.

ఇక్కడ నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. మన పురాణంలో చంద్రుడు గురువుగారైన బృహస్పతి భార్య తారని లేవదీసుకుపోయాడు. దాని మీద దేవతలకి పెద్ద యుద్ధమే జరిగింది. ఆ ఇద్దరికీ పుట్టినవాడే బుధుడు. ఇక్కడేమో బృహస్పతి వాకిట్లో నలుగురు చంద్రులు రాత్రింబవళ్ళు కాపలా తిరుగుతున్నారు! గెలీలియోకి మన కథ తెలియదు గాని, తెలిస్తే ఏమనేవాడో.

అయితే గెలీలియో వాటిని చంద్రులనలేదు. మార్చిలో వెనిస్‌లో అచ్చేసిన చిన్న పుస్తకంలో "గ్రహాలు" అనే అన్నాడు. గురుడి చుట్టూ తిరిగే నాలుగు గ్రహాలు. తిరిగేది ఏదైనా గ్రహమేనన్న పాత అర్థం ఇంకా నాలుక మీద ఉంది మరి. ఆ గ్రహాలకి ఫ్లారెన్స్ ప్రభువు పేరు పెట్టాడు. మొదట ఒక్క కోసిమో ప్రభువు పేరే పెడదామనుకున్నాడు. కానీ కోసిమోకి ముగ్గురు తమ్ముళ్ళున్నారు, చుక్కలేమో నాలుగు. అన్నదమ్ములందరికీ వచ్చేలా మెడిచీ వంశం పేరు పెట్టమంటారా, లేక ప్రభువు పేరొక్కటే చాలా అని దివాణానికి ఉత్తరం రాశాడు. వంశం పేరే బాగుందని జవాబొచ్చే లోపల మొదటి పేజీ అచ్చయిపోయింది. ఏం చేస్తాడు, చిన్న కాగితం ముక్కలు కోయించి పాత పేరు మీద అంటించాడు. 550 ప్రతులు చకచకా అమ్ముడుపోయాయి. ఆ వేసవిలోనే ఫ్లారెన్స్ దివాణంలో ఉద్యోగమూ దొరికింది. విద్వాంసులు రాజులకి కావ్యాలు అంకితమివ్వడం మనకి తెలుసు. ఆకాశాన్ని అంకితమిచ్చి ఉద్యోగం సంపాదించినవాడు ఇతనే కాబోలు.

ఈ వార్త ప్రాగ్ నగరానికి చేరిన తీరు ఇంకా బాగుంటుంది. అక్కడ చక్రవర్తిగారి ఆస్థాన గణితవేత్త కెప్లర్. అతని స్నేహితుడు వాకర్ అనే ఉద్యోగి తన బండిలో వచ్చి, బండి దిగకుండానే ఇంటి ముందు నిలబెట్టి కేకేశాడట, గెలీలియో దుర్భిణిలో నాలుగు కొత్త గ్రహాలు కనిపించాయని. ఇద్దరికీ ఒకటే నవ్వు, ఒకటే కంగారు, ఒకరి మాట ఒకరికి వినిపించనంత హడావుడి. తర్వాత కెప్లర్ తనే రాసుకున్నాడు ఈ సంగతంతా.

నవ్వు సరే, కంగారెందుకు? కెప్లర్ అంతకు పద్నాలుగేళ్ళ క్రితం, 1596లో, ఒక పుస్తకం రాశాడు. సృష్టిలో గ్రహాలు ఆరే ఎందుకున్నాయంటే, అన్ని ముఖాలూ సమానంగా ఉండే ఘనాకారాలు అయిదే ఉన్నాయి, ఆరు గ్రహాల మధ్య ఖాళీలు అయిదు, ఒక్కో ఖాళీలో ఒక్కో ఘనాకారం ఇమిడిపోతుంది, దేవుడు అలా కట్టాడీ మేడని. అతనికి అది ప్రాణం. ఇప్పుడు గ్రహాలు పది అంటే ఆ మేడ కూలిపోయినట్టే. పుస్తకం చేతికి వచ్చేదాకా కెప్లర్ తనకి తాను సర్ది చెప్పుకున్నాడు. భూమికి చంద్రుడున్నట్టు ఇవి వేరే ఏదో గ్రహానికి చంద్రులై ఉండాలి, చంద్రులైతే ఎన్నైనా ఉండనీ, మేడకి ఢోకా లేదు అని. తీరా చూస్తే అదే నిజమైంది. చూశారా, గ్రహమా చంద్రుడా అన్నది అతనికి వట్టి పేరు గొడవ కాదు. జీవితంలో కట్టుకున్నదంతా నిలవడమో కూలడమో దాంట్లో ఉంది. ఆ మేడ తర్వాత ఎలాగూ కూలిపోయింది, అది వేరే సంగతి. కూలిన చోటే అతను గ్రహాల నడకకి సూత్రాలు కనిపెట్టి లోకానికిచ్చాడు.

ఆ ఆగస్టు నెలాఖరులో ఒక దుర్భిణి అరువు దొరికింది. పది పన్నెండు రాత్రులు కెప్లర్ కళ్ళారా చూశాడు. 1611లో ఆ వివరాలు అచ్చేస్తూ ఈ నలుగురికీ లాటిన్‌లో ఒక మాట వాడాడు. ఆ మాటే ఇంగ్లీషులో శాటిలైట్ అయింది. దానికి అర్థం పెద్దవాళ్ళ వెంట నడిచే పరివారం, అంగరక్షకుడు, కాస్త మోటుగా చెప్పాలంటే బంట్రోతు. మన తెలుగులో దానికి ఉపగ్రహం అన్నారు. ఆ మాటా కొత్తగా పుట్టింది కాదు. జ్యోతిషంలో ధూముడు, గుళికుడు వంటి లెక్కకి మాత్రమే అందే ఛాయలని ఉపగ్రహాలనేవారు. పాత సీసాలో కొత్త మందు పోశారు. ఇప్పుడు మనం రాకెట్‌తో పైకి పంపే యంత్రానికీ ఆ పేరే, చంద్రుడికీ ఆ పేరే.

ఆ నలుగురికీ విడివిడిగా పేర్లు పెట్టింది గెలీలియో కాదు, కెప్లర్ సలహా మీద సైమన్ మారియస్ అనే జర్మనీవాడు 1614లో పెట్టాడు. అయో, యూరోపా, గానిమీడ్, కలిస్టో. గ్రీకుల దేవేంద్రుడైన జ్యూస్, అంటే రోమన్ల జూపిటర్, మాయ చేసి చెరబట్టిన ముగ్గురు ఆడవాళ్ళు, ఒక కుర్రవాడు. జూపిటర్ పేరున్న గురుగ్రహం చుట్టూ కలకాలం వాళ్ళనే తిప్పడం ఏం న్యాయమో! 2011లో అమెరికావాళ్ళు గురుడి దగ్గరికి ఒక యంత్రాన్ని పంపి, దానికి జూనో అని పేరు పెట్టారు. జూనో జూపిటర్ భార్య. 2016 జులై 4న అక్కడికి చేరింది. వెళ్ళి చూడవలసినవాళ్ళే వెళ్ళారని నేనైతే సంతోషించాను.

తర్వాతి వంద ఏళ్ళూ గ్రహం, చంద్రుడు అన్న మాటలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూనే నడిచాయి. 1655లో హాలెండు దేశపు హైగెన్స్ శనికి ఒక చంద్రుణ్ణి కనిపెట్టాడు. ఇప్పుడు మనం టైటన్ అంటున్నాం. ఆరు గ్రహాలు, ఆరుగురు చంద్రులు, మొత్తం పన్నెండు, లెక్క పరిపూర్ణమైంది, ఇంకెవరూ ఉండరని తృప్తి పడ్డాడాయన. 1671లో పారిస్‌లో కసీని ఇంకొకటి పట్టుకున్నాడు, మరుసటి ఏడు మరొకటి. ఆ రెంటి గురించీ అచ్చేసిన పుస్తకంలో వాటిని "కొత్త గ్రహాలు" అనే అన్నాడు. ప్రధాన గ్రహాలు, ద్వితీయ గ్రహాలు అని చాలాకాలం చలామణీ అయింది. అంటే చంద్రుడు కూడా గ్రహమే, కాకపోతే రెండో తరగతి టిక్కెట్టు.

అంగారకుడి చంద్రుల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. అమెరికాలో వాషింగ్టన్ నేవీ వేధశాలలో అసాఫ్ హాల్ అని ఒకాయన. చిన్నప్పుడు వడ్రంగం నేర్చుకున్నవాడు. కాలేజీలో తనకి లెక్కలు చెప్పిన ఆంజెలీనా స్టిక్నీనే పెళ్ళి చేసుకున్నాడు. 1877 ఆగస్టులో అంగారకుడు భూమికి బాగా దగ్గరగా వచ్చినప్పుడు రాత్రుళ్ళు వెతికి వెతికి విసిగి ఇక చాలించేద్దామనుకున్నాడు. ఆవిడ ఊరుకోలేదు, ఇంకొక్క రాత్రి చూడమంది. ఒకటి దొరికింది, వారం తిరక్కుండా రెండోది. అందులో పెద్దదైన ఫోబోస్ పొడుగు 27 కిలోమీటర్లు. అంగారకుడి రోజు ఇరవై నాలుగు గంటల పైన ఉంటే, ఇది ఎనిమిది గంటలు కాకుండానే ఒక చుట్టు తిరిగొస్తుంది. అందుకని అక్కడ పడమట ఉదయించి తూర్పున అస్తమిస్తుంది. దాని మీదున్న గుంటలన్నిట్లోకీ పెద్దదానికి స్టిక్నీ అని ఆవిడ పుట్టింటి పేరు పెట్టారు. నాకెందుకో ఈ చిన్న సంగతి చాలా నచ్చింది.

ఇక అసలు చిక్కులోకి వద్దాం. గ్రహం పెద్దది, చంద్రుడు చిన్నవాడు అని మనందరి మనసులోనూ ఉంటుంది. గురుడి చుట్టూ తిరిగే గానిమీడ్ అడ్డుకొలత 5,268 కిలోమీటర్లు. బుధగ్రహం అడ్డుకొలత 4,879. శని దగ్గరున్న టైటన్ కూడా బుధుడికన్న పెద్దదే, 5,150. పైగా టైటన్‌కి మన భూమికన్న దట్టమైన గాలి ఉంది, వానలున్నాయి, నదులున్నాయి, సరస్సులున్నాయి. నీళ్ళు కాదు, గడ్డ కట్టే చలిలో ద్రవంగా మారిన మీథేను వగైరాలు. 2005 జనవరి 14న హైగెన్స్ పేరుతోనే పంపిన యంత్రం అక్కడ దిగి, గులకరాళ్ళు పరిచినట్టున్న నేలని ఫొటో తీసింది. బుధుడి మీద గాలీ లేదు, వానా లేదు. అయినా బుధుడు గ్రహం, టైటన్ చంద్రుడు. ఎందుకంటే బుధుడు ఎకాఎకి సూర్యుడి చుట్టూ తిరుగుతాడు, టైటన్ శని చుట్టూ తిరుగుతుంది.

అంటే తేడా ఒంట్లో లేదు, ఊళ్ళో ఎవరి తాలూకు అన్నదాంట్లో ఉంది. ఆ మాటకొస్తే మనకిది కొత్తా? ఎం.ఏ. పాసై, చక్కగా పాడగలిగి, నాలుగు భాషలు వచ్చిన ఆవిడ వీధిలో "ప్లీడరుగారి భార్య". వీధి చివర ఎనిమిదో క్లాసు తప్పి కిళ్ళీకొట్టు పెట్టుకున్నతను మాత్రం తన పేరుతో తను సుబ్బారావే. ఎవరి గొప్ప ఎంతని ఎవరూ కొలవలేదు. ఎవరి చుట్టూ తిరుగుతున్నారని చూశారు.

ఇంకో చిత్రం వినండి. 1846లో నెప్ట్యూన్ దొరికిన పదిహేడు రోజులకే దాని చంద్రుడు ట్రైటన్ దొరికింది. కనిపెట్టినవాడు బీరు వ్యాపారంలో సంపాదించిన డబ్బంతా దుర్భిణుల మీద పోసిన లాసెల్. ఈ ట్రైటన్ నెప్ట్యూన్ తన చుట్టూ తాను తిరిగే దిక్కుకి ఎదురు తిరుగుతుంది. తల్లీబిడ్డల్లా కలిసి పుట్టినవైతే ఒకే దిక్కుకి తిరగాలి. కనుక ఇది ఒకప్పుడు ప్లూటోలాగే తన దారిన సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఉండేదనీ, నెప్ట్యూన్ దగ్గరగా వచ్చి చిక్కుకుపోయిందనీ శాస్త్రవేత్తలు నమ్ముతున్నారు. ప్లూటోకన్న పెద్దది కూడాను. ఒళ్ళు అదే, రాయి అదే, మంచు అదే. పట్టుబడ్డ రోజునుంచీ పేరు మారింది. కొత్త కోడలికి అత్తవారింట్లో పేరు మార్చినట్టు.

మన చందమామ సంగతి ఇంతకన్న వింత. చంద్రుడి మీద భూమి లాగే లాగుకన్న సూర్యుడు లాగే లాగు రెట్టింపు పైన. అలాంటప్పుడు సూర్యుడి దగ్గరికి పోడేం అంటే, భూమి కూడా అదే లాగుడికి లొంగి పక్కపక్కనే నడుస్తోంది కాబట్టి. సూర్యుడి దగ్గరనుంచి చూసేవాడికి చంద్రుడి దారి భూమి చుట్టూ మెలికలు తిరిగినట్టుండదు, ఎప్పుడూ సూర్యుడివైపే వంగి ఉంటుంది. ఇద్దరు మనుషులు వీధిలో అటూ ఇటూ పక్కలు మారుతూ కలిసి నడుస్తున్నట్టుంటుంది. ఇది గ్రహమూ చంద్రుడూ కాదు, జంట గ్రహాలు అని రచయిత ఐజాక్ అసిమోవ్ వాదించాడు. నాకు ఆ వాదం నచ్చింది. మన నవగ్రహాల్లో చంద్రుడికి పీట వేసినవాళ్ళు మరీ అంత తప్పు చెయ్యలేదని అనిపించింది.

అయితే అసిమోవ్‌కి ఎదురు చెప్పేవాళ్ళ దగ్గరా ఒక కొలత ఉంది. కలిసి తిరిగే ఇద్దరిలో నిజానికి ఎవరూ ఎవరి చుట్టూ తిరగరు. ఇద్దరి బరువుల మధ్య తక్కెడ నిలిచే చోటు ఒకటుంటుంది, దాని చుట్టూ ఇద్దరూ తిరుగుతారు. పెద్ద పళ్ళెం ఒకటీ చిన్న గిన్నె ఒకటీ కావడికి రెండు వైపులా కడితే, భుజం మీద ఆనే చోటు పళ్ళెం వైపుకి ఉంటుంది కదా, అదన్నమాట. భూమికీ చంద్రుడికీ ఆ చోటు భూమి లోపలే ఉంది, నేలకి సుమారు 1,700 కిలోమీటర్ల లోతున. అందుకని భూమిదే పెత్తనం. చంద్రుడు ఏడాదికి దాదాపు నాలుగు సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. ఇప్పటి 3,84,400 కిలోమీటర్ల దూరం అయిదు లక్షల పైకి పెరిగితే ఆ చోటు భూమి దాటి బయటికొస్తుంది. దానికి కొన్ని వందల కోట్ల ఏళ్ళు కావాలి కనుక ఇప్పట్లో పంచాంగం మార్చనక్కరలేదు.

ఆ చోటు ఇప్పటికే బయట ఉన్న జంట ఒకటుంది. 1978 జూన్ 22న, వాషింగ్టన్‌లో ఆ నేవీ వేధశాలలోనే, జేమ్స్ క్రిస్టీ అనే ఆయన ప్లూటో ఫొటోలు పరీక్షిస్తున్నాడు. ప్లూటోకి ఒక పక్కన బుడిపెలాంటిది కనిపించింది. అదే ఫొటోలో నక్షత్రాలకి ఆ బుడిపె లేదు. పాత ఫొటోలు తీసి చూస్తే బుడిపె ఒకసారి ఇటు, ఒకసారి అటు. అది చంద్రుడు. పేరు పెట్టే హక్కు కనిపెట్టినవాడిది. భార్య షార్లీన్ ముద్దుపేరు షార్. దానికి ఎలక్ట్రాన్, ప్రోటాన్‌లలోలాగా చివర ఒక ముక్క తగిలించి కేరన్ అన్నాడు. తర్వాత నిఘంటువు తీసి చూస్తే, గ్రీకు పురాణంలో చచ్చినవాళ్ళని నది దాటించి ప్లూటో లోకానికి చేర్చే పడవవాడి పేరే అది! మన వైతరణి మీద పడవవాడనుకోండి. భార్య పేరూ నిలిచింది, పురాణమూ కలిసింది. ఇలాంటిది నవలలో రాస్తే అతికినట్టు లేదని సంపాదకులు తిప్పి పంపుతారు.

ప్లూటో అడ్డుకొలత 2,377 కిలోమీటర్లు, కేరన్‌ది 1,212. సగానికి సగం. మధ్య దూరం 19,600 చిల్లర. తక్కెడ నిలిచే చోటు రెండింటికీ బయట, ఖాళీ ఆకాశంలో ఉంది. మరి ఎవరు ఎవరికి చంద్రుడు?

ఈ ప్రశ్న 2006 ఆగస్టులో అంతర్జాతీయ ఖగోళ సంఘం సభలో పంచాయితీకి వచ్చింది. సభ జరిగింది ఎక్కడనుకున్నారు? ప్రాగ్‌లో. వాకర్ బండి ఆపి కేకేసిన ఊళ్ళోనే. పదహారో తేదీన పెట్టిన ముసాయిదాలో, తక్కెడ చోటు బయట ఉంటే ఇద్దరూ గ్రహాలే అన్నారు. ఆ లెక్కన గ్రహాలు పన్నెండు, అందులో కేరన్ ఒకటి. పత్రికలన్నీ పన్నెండు గ్రహాల బొమ్మలు వేశాయి. వారం రోజులు సభలో వాదాలు, కోపాలు. ఇరవై నాలుగో తేదీన 424 మంది ఓట్లు వేస్తే కేరన్ మాట ఎగిరిపోయింది, ప్లూటో కూడా మరుగుజ్జు గ్రహమై కూర్చుంది. మిగిలినవి ఎనిమిది. గ్రహం కావాలంటే సూర్యుడి చుట్టూ తిరగాలి, గుండ్రంగా ఉండాలి, తన దారిలో ఇంకెవరూ అడ్డం లేకుండా చేసుకోగలగాలి అని మూడు షరతులు పెట్టారు. ఉపగ్రహాలకి ఈ షరతులు వర్తించవని మొదట్లోనే రాసి పక్కన పెట్టారు. ఆ ఉపగ్రహమంటే ఏమిటో మాత్రం ఆ తీర్మానంలో చెప్పలేదు. ఇప్పటికీ అధికారికంగా చెప్పలేదు.

దాంతో చంద్రుల లెక్క ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలియడం లేదు. 2025 మార్చిలో ఒక్కసారిగా 128 కొత్తవి ఒప్పుకోవడంతో శని ఒక్కడికే 274 అయ్యాయి. చాలావాటి అడ్డుకొలత నాలుగైదు కిలోమీటర్లు, మన ఊరి పక్క కొండంత. శని వలయాల్లో ఇల్లంత మంచుగడ్డలు, బంతంతవి, ఇసుకరేణువంతవి కూడా ప్రతిదీ విడిగా శని చుట్టూ తిరుగుతోంది. వాటిని చంద్రులనకూడదా అని ఎవరైనా పిల్లవాడు అడిగితే మేష్టారి దగ్గర జవాబు లేదు.

2015 జులై 14న న్యూ హొరైజన్స్ అనే యంత్రం ప్లూటో, కేరన్‌ల పక్కనుంచి పోతూ ఫొటోలు తీసింది. రెండూ ఒకదానివైపొకటి ఎప్పుడూ ఒకే ముఖం పెట్టుకుని ఆరు రోజుల తొమ్మిది గంటలకోసారి తిరుగుతున్నాయి. బూడిదరంగు కేరన్ ఉత్తర ధ్రువం మీద పెద్ద ఎర్రటి మరక కనిపించింది. ప్లూటో మీది పల్చని గాలిలోంచి మీథేను కొద్దికొద్దిగా జారిపోయి కేరన్ దాకా వచ్చి, ఏళ్ళ తరబడి ఎండ సోకని చల్లటి ధ్రువం మీద పేరుకుని, ఆకాశంలోంచి వచ్చే కిరణాలకి రంగు మారి ఎర్రబడిందని 2016లో శాస్త్రవేత్తలు వివరించారు.